మిరప చేలో దాహం

మిరపకాయలు కోసే ఆడమనిషి పొద్దున చేలో దిగినప్పటి నుంచి సాయంత్రం ఆటో ఎక్కేదాకా నీళ్లు తాగదు. తాగినా గొంతు తడుపుకునేంతే. ఈ సంగతి ఏ శిక్షణ తరగతిలోనూ నాకు చెప్పలేదు. ఇప్పుడు కొత్తగా ఆరోగ్య శాఖలో చేరుతున్న మీకూ చెప్పరు. అందుకే రాస్తున్నాను. ఇందులో ఒక మనిషి చనిపోతుంది. ముందే చెప్పేస్తున్నాను, చివరికి ఏదో ఒక మంచి జరుగుతుందని ఎదురుచూస్తూ చదవకండి.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎంగా చేరి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. ఊళ్లలో నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ నర్సమ్మనే. చిలకలూరిపేట దాటి అద్దంకి వైపు పోయే దారిలో, రోడ్డుకి ఒకవైపు పత్తి, ఇంకోవైపు మిరప కనిపించే ఊళ్లు నా పరిధి. నేను చెప్పేది ఉద్యోగం ముగింపుకొచ్చిన రోజుల నాటి సంగతి.

కోత ఎలా సాగుతుందో తెలియనివాళ్ల కోసం కొంచెం వివరిస్తాను. కోతకి వచ్చే కూలీల ముఠాలో ఒక్కొక్కరికి ఒక్కో సాలు, అంటే ఒక మొక్కల వరస. అందరూ కలిసి మొదలుపెట్టి, ఒకే వరసలో అవతలి గట్టు దాకా కోసుకుంటూ పోవాలి. మధ్యలో ఒకామె మూత్రానికని పక్కకి వెళ్లిందంటే ఆమె సాలు వెనకబడుతుంది. దాన్ని అటూ ఇటూ ఉన్నవాళ్లు కోసి ఎత్తుకోవాలి. ఎత్తుకుంటారు, కానీ నోరు ఊరుకోదు. "ఏమే, అత్తగారింటికి పోయొచ్చావా?" అని ఒకరంటే, "కూచోనియ్యవే, మహారాణి!" అని ఇంకొకరు. ఆ మాటలు పడలేక పక్కకి వెళ్లడం మానేస్తారు. వెళ్లడం మానాలంటే తాగడం మానాలి. ఆపైన అది మిరపకాయ కోసిన చెయ్యి. ఆ చేత్తో ఒంటిని ఎక్కడ తాకినా నిప్పు పెట్టినట్టే. కడుక్కోవడానికి సబ్బుండదు, కూర్చోవడానికి చాటుండదు. కాయల సంచులు మోసే మగవాళ్లు సాళ్ల మధ్యే తిరుగుతుంటారు.

నేను చెప్పబోయే ముఠాకి పెద్ద ఒక ఆడమనిషి. మేస్త్రమ్మ అనేవారు అందరూ. చీర మీద చనిపోయిన మొగుడి ఫుల్ చేతుల చొక్కా, తలకి తువ్వాలు, గట్టు అవతలికి వినపడే గొంతు. "నా ముఠాలో సాలు వెనకబడదు" అన్నది ఆమె గర్వం. రైతులు ఆ మాట కోసమే ఆమె ముఠాని పిలిచేవారు. ఆమె కూతురూ అదే ముఠాలో తల్లి పక్క సాలులో కోసేది.

మేస్త్రమ్మ ఏడాదిలో చాలాసార్లు నా దగ్గరికి వచ్చేది. మూత్రంలో మంట, చలిజ్వరం, నడుం పట్టేయడం. మాత్రలిచ్చేదాన్ని.

"నీళ్లు తాగుతున్నావా?"

"తాగకుండా ఎట్టా ఉంటా నర్సమ్మా? మనిషినేగా!"

నమ్మేదాన్ని కాదు. నొక్కి అడగడానికి నాకు తీరికా ఉండేది కాదు. బయట వరండాలో టీకాల కోసం తల్లులు కూచుని ఉండేవారు. ఆమె నడుం నొప్పికి కొట్లో బిళ్ళలు కొనుక్కుని పప్పుబెల్లాల్లాగా మింగుతోందని నాకు తర్వాత కూతురు చెప్పింది. మా ప్రాంతంలో ఆడవాళ్ల జబ్బులన్నిటికీ ఒకే పేరు, నీరసం. రక్తం తక్కువైనా నీరసమే, జ్వరం దాచుకున్నా నీరసమే, నిద్రలేకపోయినా నీరసమే. పేరు ఒకటే అయితే మందూ ఒకటే కావాలనిపించడం సహజం. ఆ మందు పట్టుకుని మాస్టారు వచ్చాడు.

మాస్టారు గురించి చెప్పాలి. మా నాన్న దర్జీ. సాయంత్రాలు ఆయన కొట్టు ముందు బల్లమీద వాదనలు జరిగేవి. దేవుడున్నాడా, జాతకం నిజమా, దిష్టి అంటే ఏమిటి. కాజాలు కుట్టుకుంటూ వినేదాన్ని. కొంచెం పెద్దయ్యాక నేనూ నోరు విప్పాను. ఆ బల్ల మీద అందరికంటే పదునైన మనిషి మాస్టారు. బళ్లో లెక్కలు చెప్పేవాడు. సెలవు రోజుల్లో ఊరూరా తిరిగి బాబాల గుట్టు విప్పేవాడు. నిమ్మకాయ కోస్తే నెత్తురు ఎలా వస్తుందో, అరచేతిలో కర్పూరం ఎలా వెలిగించవచ్చో జనం ముందు చేసి చూపించేవాడు. "ఒకదాని తర్వాత ఇంకోటి జరిగితే, మొదటిదాని వల్లే రెండోది జరిగిందనుకోకండి. కోడి కూసినందుకా తెల్లారింది?" అని అడిగేవాడు. తర్కం అనేది నాకు ఆయన నోటినుంచే వచ్చింది.

అటువంటి మనిషి రిటైరయ్యాక ఒక గొలుసుకట్టు వ్యాపారంలో చేరాడు. తాను డబ్బాలు కొని, ఇంకొకరిచేత కొనిపించి, వాళ్లచేత మరొకరికి కొనిపించే వ్యాపారం. డబ్బాలో బలం పొడి. బాబాలను నమ్మనివాడు డబ్బాను నమ్మాడు. అబద్ధమని తెలిసి అమ్మేవాడైతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆయన రోజూ పొద్దున్నే ఆ పొడి తాగేవాడు. భార్యకి మోకాళ్ల నొప్పి తగ్గిందని మనస్ఫూర్తిగా చెప్పేవాడు. మేస్త్రమ్మ ఒక డబ్బా కొంది. ఆమె కొంటే ముఠా అంతా కొన్నట్టే. కూలి డబ్బులోంచి గుడ్లూ పాలూ ఆగిపోయి, గూట్లో డబ్బాలు చేరాయి.

ఒకరోజు బీపీ చూడటానికి ఆ ముఠా దగ్గరికి వెళ్లాను. కళ్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి, కళ్లు జిగేల్‌మనేంత ఎరుపు. పక్కన రేకుల పాక నీడలో ఆడవాళ్లు అన్నాలు తింటున్నారు. మధ్యలో మాస్టారు ఒక గాజు గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. నీళ్లలో ఏదో చుక్క వేశాడు. నీళ్లు గోధుమ రంగుకి తిరిగాయి.

"చూడండమ్మా. పురుగుమందు కొట్టిన చేలో రోజంతా తిరుగుతారు. మీ ఒంట్లో నెత్తురు ఇట్టా తయారైంది. ఇప్పుడు చూడండి."

చెంచాడు పొడి వేసి తిప్పాడు. గోధుమ రంగు కరిగిపోయి నీళ్లు తేటపడ్డాయి. ఆడవాళ్లు ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మాస్టారూ, అది టింక్చర్ అయోడిన్ కదండీ?" అన్నాను.

"ఏం అమ్మాయ్, నువ్వూ వచ్చావా? అయోడినే. ఇది దేవుడి మహిమ కాదు, సైన్సు. డబ్బా మీద రాసుంది, చదువుకో."

"రాసుంటే సైన్సైపోద్దా? నిమ్మకాయలో నెత్తురు చూపించే బాబా కూడా ఇట్లాగే అన్నాడుగా, నా చేతిలో మహిమ ఉందని. ఆ సీసా ఇట్లా ఇవ్వండి."

చెట్టు మీది నుంచి గుప్పెడు పచ్చిమిరపకాయలు తెంపుకొచ్చి రాయి మీద నలగ్గొట్టాను. గుడ్డలో వేసి రసం పిండాను. ఇంకో గ్లాసులో నీళ్లు పోసి అయోడిన్ చుక్క వేశాను. గోధుమ రంగు. మిరప రసం పోశాను. తేటపడింది.

ఒక ముసలామె కిసుక్కున నవ్వింది. "అయితే మాస్టారూ, నేను రోజూ రోట్లో నూరేది మందేనంటావా?"

"నువ్వూ ఒక డబ్బాలో పోసి అమ్మవే పిన్నీ, మేడ కట్టొచ్చు!" అంది ఇంకొకామె.

పాకంతా నవ్వులు. మాస్టారు మొహం ఎర్రబడింది. సీసా మూత పెట్టుకుని, నావైపు చూడకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు. నేను విడిచిపెట్టలేదు. అయోడిన్ రంగు పోవడానికి విటమిన్ సి చాలనీ, అది నిమ్మలోనూ జామకాయలోనూ మిరపలోనూ ఉంటుందనీ, దీనికీ నెత్తురుకీ సంబంధం లేదనీ చెప్పాను. వేడి అన్నంలో పప్పు వేసుకోండి, రోజూ ఒక గుడ్డు తినండి, ఆకుకూర వండుకోండి, నొప్పి బిళ్ళలు ఆపండి, నిద్రపోండి, నీళ్లు తాగండి. ముందు ఇవి చేసి, ఆ తర్వాత డాక్టరు ఏదైనా లోటుందంటే అప్పుడు దానికి మందు వేసుకుందురుగాని అన్నాను. సభల్లో మాట్లాడినట్టు మాట్లాడాను. నాకు హుషారుగానే ఉంది.

మేస్త్రమ్మ చెయ్యి కడుక్కుని నా ముందుకొచ్చి నిలబడింది.

"అయిందా నీ ఉపన్యాసం? డబ్బా సంగతి సరే. పొడి లేకపోయినా బతుకుతాం. నీళ్లు తాగమన్నావు గదా. తాగుతాం. ఆ తర్వాత యాడ కూచోమంటావు?"

నేను మిరప రసం పిండిన గుడ్డని మడతపెట్టసాగాను.

"చెప్పు నర్సమ్మా. నీకు ఆసుపత్రిలో గది ఉంది, గడియ ఉంది. మాకేముంది? ఈ చేతుల్తో, ఈ మగాళ్ల ముందర, యాడ కూచోవాల? నా సాలు ఎవరు కొయ్యాల?"

మాస్టారు డబ్బాకి వేల మంది కొనేవాళ్లు ఎలా దొరికారో నాకు ఆ పాకలో తెలిసొచ్చింది. పొడి తాగడానికి చాటు అక్కర్లేదు. ఎవరి పనీ ఆగదు, ఏ సాలూ వెనకబడదు. నేను చెప్పేవన్నీ చవకైనవే, కానీ ప్రతిదానికీ ఒక చోటు కావాలి, కొంచెం తీరిక కావాలి, పక్కవాళ్ల ఒప్పుదల కావాలి. మంచి అలవాటు చేసుకోండని జనానికి చెప్పే పెద్దమనుషులందరినీ ఒక్కరోజు మిరప సాలులో నిలబెట్టాలి.

మా ఆరోగ్య కేంద్రంలో కుర్ర డాక్టరు ఉండేవాడు, మంచివాడు. అతనితో చెబితే తల పట్టుకున్నాడు. "మేడమ్, చేలో మరుగుదొడ్డి అనేది మన ప్రోగ్రాముల్లో ఎందులోనూ లేదు. ఐరన్ మాత్రలు ఎన్ని కావాలన్నా ఇస్తాను." పంచాయతీలో అడిగితే అది రైతు సొంత పొలం, మాకు సంబంధం లేదన్నారు. చివరికి రైతు ఇంటికి వెళ్లాను. కౌలు రైతు. మంచం మీద కూచుని గోళ్లు గిల్లుకుంటూ నసిగాడు.

"చేను నాది కాదు గదండీ నర్సమ్మగారూ. మధ్యలో గుంజలు పాతితే ఆసామి ఏమంటాడో ఏందో."

లోపల్నుంచి అతని భార్య కేకేసింది. "ఆసామి వచ్చి అందులో కూచుంటాడా ఏంది? పాతవయ్యా! కోతకి నేనూ పోయినదాన్నే, నాకు తెలవదా?"

మర్నాడే చేను మూల నాలుగు గుంజలు పాతారు. కాయల మీద కప్పే పాత పట్టాలు చుట్టూ కట్టారు. ఒక డ్రమ్ము నీళ్లు, మగ్గు, సబ్బు. చేతికి రాసుకోవడానికి సీసాలో కొబ్బరినూనె నేను తీసుకెళ్లాను. అంతా సిద్ధమైంది. ఎవరూ వెళ్లలేదు.

వెళ్లరు. మొదట వెళ్లేవాళ్ల సాలే కదా వెనకబడేది. అందరి కళ్లూ పడేది వాళ్ల మీదే కదా. నేను గట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను. ఎండ నడినెత్తికి వచ్చింది. ఉన్నట్టుండి మేస్త్రమ్మ నడుం ఎత్తింది. గట్టు మీది తాగేనీళ్ల టిన్ను దగ్గరికి నడిచి చెంబు నిండా నీళ్లు పట్టుకుని ఎత్తిపట్టి తాగింది. మళ్లీ సాలులోకి దిగింది. ఇంకాసేపటికి, జీవితంలో మొదటిసారి కాబోలు, పని మధ్యలో సాలు వదిలి, అందరి ముందు నుంచీ నడుచుకుంటూ పట్టాల చాటుకి వెళ్లింది. ఎవరూ కిక్కురుమనలేదు. అటూ ఇటూ ఉన్నవాళ్లు ఆమె సాలు ఎత్తుకున్నారు. తిరిగొచ్చాక ఆమే గొంతెత్తింది.

"ఏందే, నోళ్లు పడిపోయినయ్యా? నన్ను అనరా? అనండి, వింటా!"

"అత్తగారింటికి పోయొచ్చావా మేస్త్రమ్మా?" అంది ఎవరో దూరంగా. ముఠా అంతా పగలబడి నవ్వింది. ఆ సాయంత్రానికి ఇంకో ఇద్దరు వెళ్లారు. ఆ కోత ముగిసేలోపు అందరూ వెళ్లడం మొదలుపెట్టారు. మేస్త్రమ్మ పొడి మానేసింది. నొప్పి బిళ్ళలు మానేసింది. నా ఉద్యోగంలో నేను తృప్తిగా నిద్రపోయిన రోజులు అవే. ఎక్కువ లేవు.

ఎండాకాలం వచ్చేసరికి ఆమె కాళ్లు వాచాయి. పొద్దున్నే మొహం ఉబ్బేది. అన్నం సయించడం లేదు, వాంతులు. మా డాక్టరు రక్తం పరీక్ష చేయించి, కాగితం నా చేతికిచ్చి కిటికీ వైపు తిరిగాడు. గుంటూరులో స్కాన్ తీశారు. రెండు మూత్రపిండాలూ కుంచించుకుపోయి ఉన్నాయన్నారు. ఇది నిన్న మొన్నటిది కాదు, ఏళ్ల తరబడి లోపల్లోపలే జరిగింది అన్నారు. ఎందువల్ల అని అడిగాను. మళ్లీ మళ్లీ వచ్చిన ఇన్‌ఫెక్షన్లు కావచ్చు, నొప్పి బిళ్ళలు కావచ్చు, ఎండలో నీళ్లు లేకుండా పనిచేయడం కావచ్చు, అన్నీ కలిసి కావచ్చు. ఇదే కారణమని ఒక్కదాన్ని చూపించి చెప్పలేమన్నారు. నేనూ చెప్పను. పొడి ఆమెను చంపిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆ డబ్బాని నేను ద్వేషిస్తాను కాబట్టి నేరం దాని మీద వేస్తే, నాకూ దిష్టి తీసేవాళ్లకీ తేడా ఉండదు. పొడి చేసిన పని ఒకటి మాత్రం ఖాయం. ఏదో మందు వాడుతున్నామనే ధైర్యం ఇచ్చింది. ఆ ధైర్యంతో, డబ్బా కొన్నాక ఆమె ఆరోగ్య కేంద్రానికి పరీక్షకి రావడం మానేసింది.

రోజు విడిచి రోజు డయాలసిస్. నాకు సెలవు దొరికినప్పుడు తోడు వెళ్లేదాన్ని. మూత్రం రావడం ఆగిపోయాక, తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచి ఊపిరితిత్తుల్లో చేరతాయి. అందుకని నీళ్లు కొలిచి ఇవ్వాలి. మందులతో కలిపి రోజుకి చిన్న గ్లాసులు కొన్నే. ఎండలు మండిపోతున్నాయి. పెదాలు పగిలి నెత్తురు కనిపించేది. ఒకరోజు పక్క మంచం మనిషి నీళ్ల సీసాని ఆమె అందుకోబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. మేస్త్రమ్మ నన్ను చాలాసేపు చూసింది.

"తాగు తాగు అని నా ప్రాణం తీశావు. ఇప్పుడు తాగబోతే లాక్కుంటున్నావు. నీకేమన్నా మతి ఉందా నర్సమ్మా?"

నవ్వుతూనే అంది. తడిగుడ్డతో పెదాలు అద్దాను. గుడ్డ చివర పళ్లతో పట్టుకుని వదల్లేదు.

అదే ఏడు నేను రిటైరయ్యాను. చలికాలంలో, కొత్త పంట మొదటి కోతకి ముందు, ఆమె చనిపోయింది.

పెద్దకర్మ రోజు వెళ్లాను. గుమ్మం పక్కన బెంచీ మీద మాస్టారు కూచుని ఉన్నాడు. కళ్లం దగ్గర వాదన తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు. మనిషి సగమయ్యాడు. నేను పక్కన కూచున్నాను. మేస్త్రమ్మ కూతురు వచ్చి మా ముందు నిలబడింది. ముఠా ఇప్పుడు ఆ పిల్లదే.

"మా అమ్మ డబ్బా తాగినన్నాళ్లూ తిరిగింది. మానేసినాక మంచాన పడింది. మాన్పించింది నువ్వు" అంది నాతో. గొంతు పెంచలేదు.

నాకు జవాబు వచ్చు. జీవితమంతా ఆ జవాబు చెబుతూ తిరిగినదాన్ని. తల్లి పోయిన పిల్ల మొహం చూస్తూ ఆ మాట నోటికి రాలేదు. మాస్టారు వైపు చూశాను. ఆయన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు.

"కాదు తల్లీ. దానివల్ల కాదు. ఆ పొడికి అంత శక్తి లేదు. బతికించే శక్తీ లేదు, మానేస్తే చంపే శక్తీ లేదు. నేను చెప్పింది తప్పు."

ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో పక్కనున్న నాకు తెలుసు. కూతురు ఆయన వంక అలాగే చూసింది.

"ఉందని చెప్పిందీ నువ్వే, లేదని చెప్తందీ నువ్వే. చదువుకున్నోళ్లకి ఏమైనా చెల్లుద్ది మాస్టారూ."

నేనే మాట మార్చాను. "ఈ ఏడు గుంజలు పాతారా?"

"పాతారు. రైతు పెళ్లాం పాతించింది. ఎవరూ పోవటంలా."

"ఎందుకని?"

"అందులోకి మొట్టమొదట పోయింది మా అమ్మే. ఏడాది తిరక్కముందే పోయింది. ఇంక ఎవరు పోతారు?"

మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున నేను ఆ చేలోకి వెళ్లాను. ఉద్యోగం లేదు కాబట్టి ఎవరికీ చెప్పి వెళ్లాల్సిన పని లేదు. పట్టాలు కొత్తగా, ముడతల్లేకుండా ఉన్నాయి. సబ్బు కాగితం విప్పలేదు. ముఠా వరసగా కోసుకుంటూ పోతోంది, ఒక్క సాలూ వెనకబడకుండా. కూతురు అందరికంటే ఒక అడుగు ముందుంది. నేను టిన్ను దగ్గర నిలబడి, వాళ్లందరికీ కనబడేలా చెంబెడు నీళ్లు తాగాను. కొంతసేపు గట్టు మీద కూచున్నాను. తర్వాత లేచి, చేను అడ్డంగా నడిచి, ఆ పట్టాల చాటుకి వెళ్లాను.

బయటికి వచ్చేసరికి ముఠా చాలా దూరం వెళ్లిపోయింది. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడలేదు.